ఊపిరితిత్తుల్లో మడవలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేస్తే, హాస్టల్ జ్ఞాపకాలు అందరూ రాస్తారు కదా సార్, నేను నా సబ్జెక్టు గురించి రాస్తానన్నాను. "పిల్లలకు అర్థమయ్యేటట్టు రాయి" అన్నారు. ఎమ్మెస్సీ జువాలజీలో నాకు బాగా ఇష్టమైన పాఠం గురించి రాస్తున్నాను.

స్వీడన్ దేశంలో ఉల్ఫ్ వాన్ ఆయిలర్ (1905-1983) అనే శాస్త్రవేత్త ఉండేవారు. ఆయన తండ్రికి 1929లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. తల్లి కూడా శాస్త్రవేత్తే. తల్లి తండ్రి థూలియం అనే మూలకాన్ని కనుగొన్నాయన. ఆ ఇంట్లో పుట్టిన పిల్లవాడు శాస్త్రవేత్త కాకపోతేనే వింత! మా ఇంట్లో అయితే డిగ్రీ అంటే ఏమిటో నేనే చెప్పాల్సి వచ్చింది. సరే, ఆ సంగతి అలా ఉంచుదాం.

ఆయనకు 1970లో నోబెల్ తెచ్చింది నాడుల చివర్ల నుంచి వెలువడే నార్‌అడ్రినలిన్ మీద చేసిన పని. నాకు మాత్రం 1946లో లిల్యెస్ట్రాండ్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి ఆయన ప్రకటించిన చిన్న ప్రయోగమే గొప్పగా కనిపిస్తుంది. మత్తిచ్చిన పిల్లికి ఆక్సిజన్ తక్కువగా ఉన్న గాలిని పీల్పించి, గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే ధమనిలో ఒత్తిడిని కొలిచారు. ఒత్తిడి పెరిగింది. ఇందులో వింతేమిటంటే, ఒంట్లో మిగతా చోట్ల ఆక్సిజన్ తగ్గితే రక్తనాళాలు వెడల్పవుతాయి. ఊపిరితిత్తుల్లో మాత్రం ముడుచుకుంటాయి!

ఎందుకు? మన పొలమే చూడండి. ఒక మడిలో పైరు లేదు. రైతు ఆ మడికి మడవ కట్టేసి, నీళ్లను పైరున్న మడికి తిప్పుతాడు. ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ గాలితిత్తులు ఉంటాయి. కఫం అడ్డుపడి గాలి చేరని తిత్తికి రక్తం వెళ్లి ఏం లాభం? అందుకే అటు వెళ్లే సన్నని ధమని ముడుచుకుని, రక్తాన్ని గాలి ఉన్న వైపుకు మళ్లిస్తుంది. దీనికి మెదడు ఆజ్ఞ అక్కర్లేదు. శరీరం నుంచి వేరు చేసిన ఊపిరితిత్తిలో కూడా ఇది జరుగుతుంది. నాళం గోడలోని కండర కణాలే ఆక్సిజన్ తగ్గిందని పసిగట్టి, కాల్షియాన్ని లోపలికి రానిచ్చి బిగుసుకుంటాయి. తల్లి కడుపులో బిడ్డకు ఈ నాళాలన్నీ దాదాపు మూసుకునే ఉంటాయి. పుట్టి తొలిసారి ఊపిరి పీల్చగానే తెరుచుకుంటాయి.

ఇక నాకు కావలసిన సంగతికి వస్తాను. మా నాయన మార్కాపురం వైపు పద్దెనిమిదేళ్లు పలకల రాయి కోశాడు. ఆ దుమ్ముకు దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. తర్వాత కాళ్లు వాచాయి. ఊళ్లో కొందరు కిడ్నీలన్నారు, కొందరు నీళ్లు పడలేదన్నారు. పెద్దాసుపత్రి డాక్టరు గారు మాత్రం "జబ్బు ఊపిరితిత్తులది, అలసిపోయింది గుండె కుడివైపు" అన్నారు. అప్పుడు నేను ఇంటర్. ఊపిరితిత్తుల జబ్బుకు కాళ్లెందుకు వాస్తాయో నాకు ఎంతకీ అర్థం కాలేదు.

ఈ పాఠం చదివాక అర్థమైంది. ఒక మడికి మడవ కడితే మేలు. అన్ని మడులకూ కట్టేస్తే కాలువ పొంగుతుంది. ఊపిరితిత్తులంతటా ఆక్సిజన్ తగ్గితే నాళాలన్నీ ముడుచుకుంటాయి. దుమ్ము వల్ల ఏర్పడిన మచ్చలు మరికొన్నింటిని నొక్కేస్తాయి. గుండె కుడి గది గోడ పలుచన. ఊపిరితిత్తుల ధమనిలో మామూలు సగటు ఒత్తిడి సుమారు 15 మిల్లీమీటర్లే, ఒంట్లోని ధమనుల్లో అది 90 దాకా ఉంటుంది. అంత తేలిక పనికి అలవాటుపడిన గది ఏళ్ల తరబడి బరువు లాగి లాగి అలసిపోతుంది. రక్తం సిరల్లో వెనక్కి నిలిచి, కాళ్లకు నీరు దిగుతుంది.

1981లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి ఒక ఫలితాన్ని ప్రకటించింది. దీర్ఘకాల శ్వాసనాళ జబ్బుతో రక్తంలో ఆక్సిజన్ తగ్గినవారిలో, ఇంట్లో రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టుకున్న 42 మందిలో ఐదేళ్లలో 19 మంది చనిపోయారు. పెట్టుకోని 45 మందిలో 30 మంది. వాళ్లది మా నాయన జబ్బు కాదు. కానీ ఆక్సిజన్ బాగా తగ్గినప్పుడు డాక్టర్లు ఆయనలాంటి వాళ్లకూ ఇదే చెబుతున్నారు.

ఇప్పుడు మా ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉంది. నాయనకు కాగితం మీద మళ్లు, కాలువ గీసి ఇదంతా చెప్పాను. "అయితే మడవలు తెరుచుకుంటాయా?" అన్నాడు. కొన్ని తెరుచుకుంటాయి, మచ్చలు మాత్రం పోవన్నాను. తలూపాడు. 15 గంటలంటే రాత్రి ఒక్కటే చాలదు, పగలు కూడా పెట్టుకోవాలి. ఆయనకేమో వసారాలో కూర్చుని వచ్చేపోయేవాళ్లతో మాట్లాడాలని ఉంటుంది. పైపు అంత దూరం రాదు. పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్తూ పొడవు పైపు కొనుక్కుని వెళ్లాను.