అంకె – ఆటగాడు

హైదరాబాదులోని ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాలలో తిరిగేవారికి మొజంజాహీ మార్కెట్ రాతి గడియారపు స్తంభం దూరం నుండే కనిపిస్తుంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1935లో నిర్మితమైన ఈ విపణికి ఆయన రెండవ కుమారుడు మొజంజా పేరు పెట్టారు. కమానుల కింద పండ్లు, అత్తరులు, ఎండుఫలాలు అమ్మే అంగళ్లు, ఆవరణలో ఐస్‌క్రీమ్ కోసం కుర్చీలు వేసుకొని కూర్చున్న కుటుంబాలు, చుట్టూ ఎడతెగని వాహనాల రొద – ఇదీ అక్కడి సాయంకాలం. ఆ దారిన పోయే బస్సుల వెనుక భాగాలను చూస్తే కళాశాలల ప్రకటనలలో విద్యార్థుల ముఖాలకంటే వారి ర్యాంకులే పెద్దవిగా ఉంటాయి.

ఆదివారం నాడు ఆబిడ్స్ కాలిబాటల మీద పాత పుస్తకాలు పరచుకుంటాయి. అటువంటి ఒక ఆదివారం పుస్తకాల వేట ముగించుకొని, గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక వృద్ధుడు, ఇంటర్మీడియట్ చదువుతున్న ఆయన మనుమడు మార్కెట్ ఆవరణలో కూర్చున్నారు. సీతాఫలపు ఐస్‌క్రీమ్ కరిగిపోతున్నా మనుమడి చూపు ఫోను మీదనే ఉంది. తెరపై ఒక అంకె: 1996. అంతర్జాలంలో ఆడే చదరంగంలో అతని రేటింగు అది. మరొక నాలుగు పాయింట్లు వస్తే 2000 అవుతుంది. అయినా వారం రోజులుగా అతడు ఒక్క ఆట కూడా ఆడలేదు. ఓడితే అంకె దిగుతుంది. దిగిన అంకెను తరగతిలోని మిత్రులందరూ చూస్తారు.

"ఆడకుంటే ఆ నంబరు ఏం జేస్కుంటవ్ రా?" అన్నాడు తాత.

"పోతే మళ్ల రాదు తాతా" అన్నాడు మనుమడు.

ఆ పిల్లవాని భయం వింతదేమీ కాదు. పదవ తరగతి మార్కులు మొదలుకొని ప్రవేశపరీక్ష ర్యాంకు వరకు, అంకె అంటే ఒక్కసారి వచ్చి జీవితాంతం అంటిపెట్టుకొనే ముద్ర అని నేర్చుకొంటూ పెరిగిన తరం అది. చదరంగపు రేటింగు పుట్టుక మాత్రం వేరు.

ఆటగాడి బలాన్ని అంకెలలో చెప్పే పద్ధతిని స్థిరపరచినవాడు ఆర్పాద్ ఎలో. ఆయన 1903లో హంగేరీలో జన్మించి, బాల్యంలోనే అమెరికా చేరి, మిల్వాకీ నగరంలోని మార్కెట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించాడు. (పేరు చూసి అది అంగడి చదువు అనుకోరాదు; అది ఒక ఫ్రెంచి మతప్రచారకుని పేరు.) స్వయంగా మంచి ఆటగాడైన ఎలో గమనించిన సంగతి ఇది: ఏ ఆటగాడూ రోజూ ఒకే తీరుగా ఆడడు. ఒకనాడు తన స్థాయికి మించి ఆడతాడు, మరొకనాడు దిగి ఆడతాడు. కనుక బలాన్ని నేరుగా కొలవడం సాధ్యం కాదు. ఫలితాలను చూసి ఊహించవలసిందే. ఆ ఊహకు ఆయన గణితరూపం ఇచ్చాడు. దానిని అమెరికా చదరంగ సమాఖ్య 1960లోను, ప్రపంచ సంస్థ ఫిడే 1970లోను స్వీకరించాయి.

ఇద్దరి రేటింగులు సమానమైతే ఇద్దరి నుండి సగం సగం ఆశించాలి. తేడా 200 ఉంటే, బలవంతుడు 100 ఆటలలో సుమారు 76 పాయింట్లు సాధిస్తాడని లెక్క. తేడా 400 అయితే సుమారు 91. ఆశించినదానికంటే ఎక్కువ సాధిస్తే అంకె పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది. ఎంత మారాలన్నది ఒక గుణకాన్ని బట్టి ఉంటుంది. ఫిడే నియమాలలో కొత్తవారికి అది 40, సాధారణంగా 20, ఒకసారి 2400 చేరినవారికి 10. గుణకం 20 అయిన ఆటగాడు తన సమానుని ఓడిస్తే 10 పాయింట్లు వస్తాయి. తనకంటే 200 ఎక్కువ ఉన్నవానిని ఓడిస్తే సుమారు 15 వస్తాయి. అంత తక్కువ ఉన్నవానిని ఓడిస్తే 5కు మించి రావు. చిన్నవారిపై గెలిచి మురిసిపోవడానికి ఈ లెక్కలో చోటు తక్కువ. పద్దెనిమిదేళ్ల లోపువారికి, 2300 దాటనంత వరకు, గుణకం 40గానే ఉంచారు. ఎదిగే వయసులో అంకె కూడా త్వరగా కదలాలని ఉద్దేశం.

మొజంజాహీ మార్కెట్‌లో బత్తాయిలు తూస్తే కిలో అంటే ఎక్కడైనా కిలోయే. ఎలో అంకె ఆ తూకం వంటిది కాదు, పక్కన రాసిన ధర వంటిది. ఒకే పండు ఒక బజారులో ఒక ధర, మరొక బజారులో మరొక ధర పలుకుతుంది. అందువల్లనే ఒకే ఆటగాడికి చెస్ డాట్ కామ్‌లో ఒక అంకె, లిచెస్‌లో మరొక అంకె, ఫిడే జాబితాలో ఇంకొక అంకె ఉంటాయి. ఒకచోటనే నిమిషం ఆటకు, ఐదు నిమిషాల ఆటకు, పది నిమిషాల ఆటకు వేరువేరు రేటింగులు ఉంటాయి. అంకె ఎవరిమధ్య పుట్టిందో వారిమధ్యనే చెల్లుతుంది. దీనికి విడ్డూరమైన ఉదాహరణ అమెరికాలో ఉన్నది. వర్జీనియా జైలులో ఉన్న క్లాడ్ బ్లడ్‌గుడ్ అనే ఖైదీ తోటి ఖైదీలతోనే మళ్లీ మళ్లీ ఆడి, 1996లో 2700 దాటిన రేటింగుతో ఆ దేశపు జాబితాలో అగ్రశ్రేణికి చేరాడు. ఆ జాబితాలోని మేటి ఆటగాళ్లలో ఒక్కరితోనైనా తలపడకుండానే!

అంతర్జాలపు చదరంగం పెరిగిన తర్వాత ఎలో పద్ధతికి ఒక మెరుగు అవసరమైంది. లక్షలమంది రోజూ వచ్చిపోతుంటారు. ఒకరు గంటకు పది ఆటలు ఆడతారు, మరొకరు ఆరునెలలకు ఒకటి ఆడతారు. ఇద్దరి అంకెలను సమానంగా నమ్మడం ఎలా? మార్క్ గ్లిక్‌మన్ అనే గణాంకశాస్త్రవేత్త రూపొందించిన గ్లికో పద్ధతి రేటింగుతోపాటు దానిపై ఎంత సందేహం ఉన్నదో కూడా లెక్కిస్తుంది. చెస్ డాట్ కామ్ ఆ గ్లికోను, లిచెస్ దాని రెండవ రూపాన్ని వాడుతున్నాయి. లిచెస్‌లో కొత్తగా చేరినవారికి 1500 ఇచ్చి, పక్కన ప్రశ్నార్థకం పెడతారు. ఆడేకొద్దీ సందేహం తగ్గి ఆ గుర్తు తొలగిపోతుంది. ఆడడం మానివేస్తే అంకె తగ్గదు కాని సందేహం మెల్లమెల్లగా పెరుగుతుంది. చాలాకాలం మానివేస్తే ప్రశ్నార్థకం తిరిగి వస్తుంది. 1996ను కాపాడుకోవడానికి ఆట మానిన పిల్లవాడు నిజానికి ఆ అంకెపై నమ్మకాన్నే కరిగించుకొంటున్నాడు, ఎదుట ఉన్న ఐస్‌క్రీమ్ లాగా.

అంతర్జాలంలో ఫలితమంతా ఆటదే అనలేము. కంప్యూటరు సాయంతో మోసం చేసేవారు ఉంటారు. వారిని గుర్తించి ఖాతాలు మూసి, వారి చేతిలో ఓడినవారికి పాయింట్లు తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉన్నది. నెట్ తెగిపోతే గెలిచే ఆట కూడా ఓటమి అవుతుంది. 2020 ఆగస్టు 14న మరమ్మతుల తర్వాత మొజంజాహీ మార్కెట్ తిరిగి ప్రారంభమైంది. అదే నెలలో, కరోనా కారణంగా అంతర్జాలంలో జరిగిన ఒలింపియాడ్‌లో కోనేరు హంపి, పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక భారత జట్టు తరఫున ఆడారు. పోలండుతో సెమీఫైనల్‌లో జట్టును గట్టెక్కించిన చివరి ఆట హంపిదే. రష్యాతో ఫైనల్‌లో ఇద్దరు భారత క్రీడాకారులకు నెట్ సంబంధం తెగిపోగా, చివరకు రెండు దేశాలనూ విజేతలుగా ప్రకటించారు.

ఆ కరోనా కాలం రేటింగుల లోపాన్ని కూడా బయటపెట్టింది. పిల్లలు ఇళ్లలో కూర్చొని అంతర్జాలంలో వేలాది ఆటలు ఆడి బలపడ్డారు. పోటీలు లేనందున ఫిడే జాబితాలో వారి అంకెలు కదలలేదు. పోటీలు తిరిగి మొదలైనపుడు 1200 అంకె గల పిల్లవాడు 1700 అంకె గల పెద్దమనిషిని ఓడించడం సాధారణమైంది. దిగువ రేటింగులు వాస్తవానికి దూరమయ్యాయని గ్రహించిన ఫిడే 2024 మార్చిలో 2000 లోపువారందరి అంకెలను ఒకేసారి పెంచింది. 2000కు ఎంత లోటు ఉన్నదో అందులో నూటికి 40 వంతులు కలిపింది. 1600 ఉన్నవారు ఒక్క రాత్రిలో 1760 అయ్యారు. ఆ రాత్రి వారి ఆటలో మార్పేమీ లేదు.

శిఖరాన ఉన్నవారికీ అంకె స్థిరాస్తి కాదు. వరంగల్లులో 2003లో పుట్టిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2801కి చేరి, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండవ భారతీయుడయ్యాడు. మరుసటి సంవత్సరమే అది 2800 కిందకు దిగింది. అతడు ఆడుతూనే ఉన్నాడు. గుంటూరు హరికృష్ణ 2016లో 2770 వరకు వెళ్లాడు. గుడివాడలో పుట్టిన హంపి కథ ఇంకా చెప్పుకోదగినది. 2007లో 2600 దాటి, జుడిత్ పోల్గార్ తర్వాత ఆ మెట్టు ఎక్కిన రెండవ మహిళగా నిలిచింది. 2024 డిసెంబరులో న్యూయార్కులో ప్రపంచ మహిళా ర్యాపిడ్ పోటీలో మొదటి రౌండులోనే ఓడిపోయింది. అంకెకు మచ్చ పడిందని ఆమె లేచి వెళ్లలేదు. పదకొండు రౌండ్లు ముగిసేసరికి ఎనిమిదిన్నర పాయింట్లతో, ముప్పై ఏడేళ్ల వయసులో, రెండవసారి ప్రపంచ విజేత అయింది.

ఇవన్నీ మనుమడికి తెలియనివి కావు. హంపి ఆటలను అతడు ఎత్తు ఎత్తుగా చూశాడు. అయినా 1996ను చూసినపుడల్లా వేలు వెనక్కి పోయేది.

"నేను గూడ చేరితే నాకెంత ఇస్తరు?" అని అడిగాడు తాత.

"1500. పక్కన ప్రశ్న గుర్తు పెడ్తరు."

"ఈ వయసుల గూడ ప్రశ్న గుర్తేనా!" అని ఆయన నవ్వి, సంచిలో నుండి కాలిబాట మీద కొన్న మడత బల్లను తీశాడు. పావులలో ఒక నల్ల శకటు లేదు. పక్క అంగడివాడు ఇచ్చిన అత్తరు సీసా మూతను ఆ గడిలో పెట్టారు. మనుమడు తెల్ల పావులు తీసుకొని గడియారం లేకుండానే వేగంగా ఆడాడు. తాత ఒక్కొక్క ఎత్తుకు గడ్డం నిమురుకొంటూ ఆలోచించాడు. ఆట ముగిసేసరికి సీసా మూత తెల్ల ఏనుగును పట్టుకొని ఉన్నది.

ఆ రాత్రి నాంపల్లిలోని ఇంటిలో పిల్లవాడు ఫోను తెరచి కొత్త ఆట నొక్కాడు. ఎదుటివాని అంకె 2011. ఇరవై నిమిషాల తర్వాత అతని అంకె 1990 అయింది. కొంతసేపు తెరను చూస్తూ ఉండిపోయి, ఓడిన ఆటను మొదటినుండి తిరగవేశాడు. తర్వాత పక్కగదికి వెళ్లి తాతను నిద్ర లేపాడు.

"తాతా, పద్నాలుగో ఎత్తుకు గుర్రం అటు ఎందుకు పంపిన్నో జర చూడు."