నాలుగంకెలు

మా పెద్ద మావయ్య లారీ డ్రైవరు. తాడేపల్లిలో హైవేకి దగ్గర్లోనే ఇల్లు. నేను కెమిస్ట్రీ చదువుతున్నానంటే ఆయనకు ఎంత గర్వమో అంత వేళాకోళం. "మీ పుస్తకాల్లో ఉండేవన్నీ నేను మోసేవేరా అల్లుడూ" అంటాడు. అబద్ధం కాదు. పత్తి చేలకూ మిరప చేలకూ ఏళ్ళ తరబడి పురుగుమందులు మోసిన మనిషి.

నిరుడు వానాకాలంలో ఒక రాత్రి హాస్టల్లో ఉండగా ఫోను చేశాడు. బండిలో డ్రమ్ము మూత వదులై మందు కారింది. సర్దబోయిన క్లీనరు కుర్రాడు చెమటలు కక్కుతూ, నోట నురగతో కూలబడ్డాడు. వాణ్ణి 108లో పంపి, బండి వదల్లేక ఈయన రోడ్డు మీదే ఉండిపోయాడు. ఆస్పత్రివాళ్ళు ఏ మందో చెప్పమంటున్నారు. కేబిన్లో కాగితం ఉంది గాని అంతా ఇంగ్లీషు. ఆయనది బటన్ల ఫోను, ఫోటో తీసి పంపే వీలు లేదు. డ్రమ్ము మీది చీటీ సగం ఊడిపోయింది.

"అంకెలున్నాయిరా, చెప్పమంటావా? మూడు, సున్నా, ఒకటి, ఎనిమిది."

3018. ద్రవరూపంలో ఉండే విషపూరితమైన ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందు. ఆస్పత్రికి ఫోను చేసి చెప్పాను. కుర్రాడి కంటిపాపలు చూసి డాక్టరుగారు అప్పటికే అనుమానించి అట్రోపిన్ మొదలుపెట్టారట. కాబట్టి ప్రాణం నేనే కాపాడానని గొప్ప చెప్పుకోను. కుర్రాడు బతికాడు.

ఆ అంకెలు మన దేశానివి కావు. 1956 నుంచి ఐక్యరాజ్యసమితి వేస్తున్న పుస్తకంలోవి. పెట్రోలు 1203, క్లోరిన్ 1017, రోటర్‌డామ్‌లోనైనా మన వారధి మీదనైనా అవే. 1989 నాటి మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ఆ వర్గాలనూ గుర్తులనూ తెచ్చుకున్నాయి. బాగానే ఉంది. కాని అవే నిబంధనలలో తొమ్మిదోది, ఇలాంటి సరుకు తోలే డ్రైవరుకు ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషూ చదవడం, రాయడం రావాలంటుంది. మూడు రోజుల శిక్షణా ఉండాలంటుంది. శిక్షణకు మావయ్య వెళ్ళాడు. ఇంగ్లీషు రాకుండా లైసెన్సు ఎలా వచ్చిందని మాత్రం అడక్కండి.

ప్రకాశం బ్యారేజీ పూర్తయిన 1957లోనే జెనీవాలో యూరపు దేశాలు రోడ్డు రవాణాకు ఒక ఒప్పందం రాసుకున్నాయి. దాని ప్రకారం ప్రమాదంలో ఏం చేయాలో చెప్పే కాగితం బండిలోని సిబ్బందికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అక్కడ కాగితం డ్రైవరు దగ్గరకు వస్తుంది. ఇక్కడ డ్రైవరు కాగితం దగ్గరకు వెళ్ళాలి. అంకెలు తెచ్చుకున్నవాళ్ళం, ఆ ఒక్క వాక్యం ఎందుకు తెచ్చుకోలేదో నాకు అంతుపట్టదు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ రాత్రి డ్రమ్ముల పక్కన నూకల బస్తాలున్నాయని మావయ్య తర్వాత ఒప్పుకున్నాడు. 1958లో ఓడలో పారాథియాన్ కారి గోధుమపిండిలో కలిసి కేరళలో వందమందికి పైగా చనిపోయారు. 1968 పురుగుమందుల చట్టం ఆ చావుల వెంట వచ్చిందే. తిండిగింజలకు తగిలేలా మందులు మోయరాదని 1971 నిబంధనల్లో ఉంది. ఈ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. "బస్తాలు దింపిన కొట్టు ఏదో గుర్తుందిరా" అన్నాడు చివరకు. మర్నాడు వెళ్ళి వెనక్కి తెచ్చి, బాడుగ డబ్బులు పోగొట్టుకున్నాడు.

సంక్రాంతి సెలవుల్లో ఆ ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులో పెద్దక్షరాలతో రాసి కేబిన్లో అతికించాను. మావయ్య ఆసాంతం చదివి, "నాకు సరే. క్లీనరుకు చదువే రాదుగా?" అన్నాడు.

"పుర్రె బొమ్మ ఉందిగా మావయ్యా."

"కరెంటు స్తంభాల మీద చూసి చూసి దాన్నెవడు లెక్కచేస్తాడ్రా!"