పరుల బావిపై కపిల

విద్యుత్తు రాకముందు రాయలసీమ మెట్టపొలాలకు కపిల బావియే ప్రాణాధారం. ఎద్దులు వాలుబాటలో దిగుతూ ఉంటే బావిలోని నీరు పైకి వచ్చి కాలువలో పడేది. మోటారు వచ్చిన తరువాత ఎద్దులను ఎంత అదిలించినా కపిల దానితో పోటీపడలేకపోయింది. బైరెడ్డిపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పెద్దలు ఎరిగిన ఈ మార్పు వంటిదే తరువాతి కాలంలో అంతర్జాల రంగంలోనూ సంభవించింది.

మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు అంతర్జాల సేవలను ప్రారంభించింది. 1998లో ప్రభుత్వం ఈ రంగాన్ని ప్రైవేటు సంస్థలకు తెరిచింది. హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్ స్థాపించిన సత్యం ఇన్ఫోవే, చెన్నై కేంద్రంగా డయలప్ సేవలను అందించి పేరు పొందింది. 1999లో అది అమెరికాలోని నాస్‌డాక్ విపణిలో నమోదైంది. అదే తరువాత ‘సిఫీ’గా ప్రసిద్ధి చెందింది.

డయలప్ అంటే టెలిఫోను తీగపై మాట ప్రయాణించే దారిలోనే సమాచారాన్ని పంపడం. ఆ దారి ఇరుకు. సెకనుకు 56 కిలోబిట్లకు మించి సాగదు. అంతర్జాలం నడుస్తున్నంతసేపు ఇంటి ఫోను మూగబోయేది. పైగా ఖర్చు రెండింతలు: గంటల లెక్కన కొన్న సేవకు ఒకటి, టెలిఫోను కాలుకు మరొకటి. బ్రాడ్‌బ్యాండ్ అదే రాగి తీగపై మాటకు అవసరం లేని పై పౌనఃపున్యాలను వాడుకొని ఈ ఇబ్బందులను తొలగించింది. కాని అందుకు తగిన యంత్రాన్ని టెలిఫోను ఎక్స్ఛేంజిలోనే అమర్చాలి. అసలు చిక్కు అక్కడే ఉన్నది. తీగ, ఎక్స్ఛేంజి టెలిఫోను సంస్థవి. డయలప్ సంస్థ పరుల బావిపై కపిల తోలిన రైతు వంటిది.

ఆ తీగలను ఇతర సంస్థలకు కూడా అందుబాటులో ఉంచాలని 2004లో టెలికాం నియంత్రణ సంస్థ సూచించింది. అదే ఏడాది అక్టోబరులో వెలువడిన బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్ని ప్రమాణంగా నిర్ణయించింది గాని, ఆ సూచనను అంగీకరించలేదు. 2005లో బి.ఎస్.ఎన్.ఎల్. తన తీగలపైనే బ్రాడ్‌బ్యాండును ప్రారంభించింది. ఇక ధర తగ్గించినంత మాత్రాన డయలప్ నిలువగలదా?

ఎక్స్ఛేంజికి దూరమైన కొద్దీ రాగి తీగపై బ్రాడ్‌బ్యాండ్ క్షీణిస్తుంది. అందువల్ల మారుమూల పల్లెలలో డయలప్ మరికొంత కాలం బ్రతికింది. అది పోటీలో గెలుపు కాదు, పోటీదారు రాకపోవడమే. పల్లెకు అంతర్జాలం అవసరం లేదనుకోవడం పొరపాటు. 2002లోనే హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ని ప్రారంభించి గ్రామీణులకు సమాచార కేంద్రాలను అందించింది. కొరవడినది అవసరం కాదు, మార్గం. 2017లో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభాల మీదుగా కాంతి తంతువులను లాగి, నెలకు 149 రూపాయలకే సేవలను ప్రకటించినప్పుడు ఈ సత్యమే స్పష్టమైంది.

సిఫీ మాత్రం కపిలనే నమ్ముకొని కూర్చోలేదు. కేబుల్ టీవీ నిర్వాహకుల తీగలను, నిస్తంత్రీ మార్గాలను ఆశ్రయించి బ్రాడ్‌బ్యాండు అందించింది. క్రమంగా డేటా కేంద్రాల వైపు మళ్ళి నిలదొక్కుకున్నది. అమెరికాలో ఎ.ఓ.ఎల్. సంస్థ డయలప్‌ను 2025 సెప్టెంబరు 30న ముగించింది.

కపిల పోయినా సేద్యం ఆగలేదు. పనిముట్టును వదలి పనిని నిలుపుకొన్నవాడే రైతుగా మిగిలాడు. సంస్థలకైనా, మనుషులకైనా వర్తించే నీతి ఇదే.