నేను కుట్టిన కవరు

మా చిన్నాడు పది రోజులుగా వాళ్ళ నాన్నతో మాట్లాడటం లేదు. కారణం ప్రాసెసర్.

నవ్వకండి. నాకూ అప్పటిదాకా కంప్యూటరంటే పైన తెర, కింద డబ్బా, అంతే. 2021లో వాడి ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్నాం. లోపల రైజెన్ 5 3600 అనే ప్రాసెసర్ ఉందట. మరీ గొప్పదీ కాదు, తీసిపారేసేదీ కాదు, మనలాంటి మధ్యతరగతిది.

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా పెద్దాడూ, వీడూ రాత్రి భోజనాలయ్యాక ఒక గంట వాలొరెంట్ ఆడుకుంటారు. తుపాకుల ఆట. నాకేం నచ్చదు. కానీ ఆ గంటలో వాళ్ళ నవ్వులు వంటింట్లోకి వినిపిస్తాయి. పెద్దాడు నాతో ఫోన్లో మాట్లాడేది ఐదు నిమిషాలు. తమ్ముడితో మాత్రం గంట!

ఈ వేసవిలో ఆ నవ్వులు ఆగిపోయాయి. ఆట మధ్యలో తెర తడబడి ఆగుతోందట. వీడి వల్ల జట్టు ఓడిపోతోందట. కొత్త ప్రాసెసరూ, దానికి తగ్గ బోర్డూ కావాలన్నాడు. మావారు "మార్కులు తగ్గాయి గానీ ఆటలు తగ్గలేదు" అన్నారు. వీడు కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ రాత్రి నా దగ్గరకొచ్చి, "అమ్మా, నీ చీటీ డబ్బులున్నాయి కదా..." అని నసిగాడు.

నిజం చెప్పొద్దూ, మావారికి తెలియకుండా ఇచ్చేద్దామనే అనుకున్నాను. దానికి ముందు పెద్దాడికి ఫోన్ చేశాను.

"ఆగమ్మా. ముందు నన్ను చూడనీ" అన్నాడు.

ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో కూర్చున్నాడు. మొదట ఆటలో గ్రాఫిక్స్ అన్నీ తగ్గించి పెట్టమన్నాడు. సెకనుకి తెర మీద ఎన్ని బొమ్మలు మారతాయో దాన్ని ఎఫ్‌పీఎస్ అంటారట. గ్రాఫిక్స్ తగ్గించినా ఆ అంకె పెరగలేదు. అంటే ఇబ్బంది గ్రాఫిక్స్ కార్డుది కాదు, ప్రాసెసర్ వైపుదన్నాడు. తర్వాత వేడి చూపించమన్నాడు. 94 డిగ్రీలు! ఆ ప్రాసెసర్ తట్టుకునే హద్దు 95 అట. ఆ హద్దు దగ్గరకొస్తే తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుందట.

"కంప్యూటర్ ఎక్కడ పెట్టారమ్మా?"

టేబుల్ కింద తలుపున్న అరలో పెట్టాను. దుమ్ము పడకూడదని పాత చీర అంచులతో నేనే కవరు కుట్టి తొడిగాను. వేడిగాలి బయటికెళ్ళే వెనక భాగం కూడా మూసేస్తూ. విజయవాడ ఎండల్లో దానికి నేను దుప్పటి కప్పానన్నమాట! ఇన్నాళ్ళూ వాడికి పడ్డ చీవాట్లలో సగం నావే.

కరెంటు తీసేసి పక్క రేకు విప్పాం. దుమ్ము, వంటింటి జిడ్డు కలిసి ఫ్యాన్ కింద తివాచీ పరిచినట్టుంది. ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్‌తో దులిపాను. దులపడంలో నన్ను మించినవాళ్ళు లేరు కదా. ఫ్యాన్ కిందున్న దిమ్మెను లాగబోతే పెద్దాడు గట్టిగా అరిచాడు. "లాగొద్దు! మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయండి. లేకపోతే ప్రాసెసర్ కూడా ఊడొచ్చేస్తుంది." ప్లేటు నుంచి ఇడ్లీ తీసినట్టే తీశాం. ఎండిపోయిన పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టాం. అది 300 రూపాయల ట్యూబు.

అసలు వింత తర్వాత బయటపడింది. ర్యామ్ ముక్కలు రెండున్నాయి. బోర్డు మీద గళ్ళు నాలుగు. బిగించిన షాపువాళ్ళు రెండింటినీ పక్కపక్కనే పెట్టారు. రెండో గడిలో ఒకటి, నాలుగో గడిలో ఒకటి పెడితేనే రెండు దారులూ తెరుచుకుంటాయట. పైగా ఆ ర్యామ్ వేగం 3200. మనం చెప్పకపోతే అది 2133 దగ్గరే నడుస్తుందట. కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ నొక్కి, లోపల ఎక్స్‌ఎంపీ అనేది ఆన్ చేయించాడు.

నాకిలా అర్థమైంది: వంట చేసేవాళ్ళు ఎంత చురుకైనా, కూరలు తరిగి అందించేవాళ్ళు ఒంటిచేత్తో నిదానంగా అందిస్తుంటే పొయ్యి దగ్గర ఖాళీగా నిలబడాల్సిందే.

ఇదంతా జరుగుతుంటే చీకటి మూలలోకి టార్చ్ వెలుగు పడింది. తిరిగి చూస్తే మావారు. ఎప్పుడొచ్చారో, ఏమీ అనకుండా పట్టుకుని నిలబడ్డారు. వీడూ ఏమీ అనలేదు. కాసేపటికి, "నాన్నా, కొంచెం ఇటు" అన్నాడు. పది రోజుల తర్వాత మొదటి మాట అది.

ఆ రాత్రి వేడి 76 దాటలేదు. 90 దగ్గర తడబడిన ఎఫ్‌పీఎస్ 170 దాకా వెళ్ళింది. నాకు ఆ అంకెలకన్నా పక్కగది నవ్వులే ఎక్కువ వినిపించాయి. మార్కుల సంగతి ఇంకా తేలలేదనుకోండి. ఆ గొడవ వేరే ఉంది.

మీ ఇంట్లోనూ పిల్లలు కొత్త కంప్యూటర్ అడుగుతుంటే, పర్సు తీసేముందు ఒకసారి దాని వెనక వైపు చూడండి. నా చీటీ డబ్బులు భద్రంగా ఉన్నాయి. కవరు ఉతికి మిక్సీకి తొడిగాను. మిక్సీ ఆపాకే తొడుగుతున్నాను లెండి.