ఒక తల్లి బిడ్డలే గాని...

ఒక తల్లికి ముగ్గురు ఆడపిల్లలున్నారనుకోండి. ఒకే ఇంట్లో పెరిగారు, ఒకే చేతి వంట తిన్నారు. పెళ్లిళ్లయి మూడిళ్లకు వెళ్లిన పదేళ్లకు వాళ్ల వంటిళ్లు చూడండి. ఒకావిడ బెల్లం వేయనిదే పులుసు దించదు. రెండో ఆవిడ బెల్లం పేరెత్తితే ముఖం చిట్లిస్తుంది. మూడో ఆవిడ ఇంట్లో ఆనపకాయ అంటే ఎవరికీ తెలీదు, సొరకాయ అనాలి. చుట్టరికం ఎక్కడికీ పోలేదు. పోపులపెట్టెలు వేరయ్యాయి, అంతే.

కంప్యూటర్లకు కూడా ఇలాంటి పుట్టిళ్లూ మెట్టినిళ్లూ ఉంటాయని ఈమధ్యే తెలిసింది నాకు.

మాది బౌద్ధనగర్. ఓ పక్క వారాసిగూడ, ఇంకో పక్క ఉస్మానియా యూనివర్సిటీ, అది దాటితే తార్నాక. యూనివర్సిటీ నీడన కాపురం చేసేవాళ్లకు రెండు చిన్న ఆదాయాలుంటాయి. ఒకటి పై వాటా అద్దె, రెండోది థీసిస్‌లు టైపు చేయడం. నాకు రెండూ ఉన్నాయి. నా కంప్యూటరుకు పదకొండేళ్లు. మీటలు అరిగినా పని మానలేదు పాపం. కాని అందులోని సిస్టమ్‌కు కంపెనీవారి సంరక్షణ ఆగిపోయిందనీ, కొత్త సిస్టమ్ ఈ మిషన్ మీద ఎక్కదనీ తేలింది. "పాత సామాన్లవాడికి ఇచ్చేయవోయ్" అన్నారు మావారు, తన స్కూటరు వయసు మర్చిపోయి. కొత్తది కొనాలంటే రెండు థీసిస్‌ల సంపాదన గంగలో కలుస్తుంది.

పై వాటాలో ఇద్దరమ్మాయిలున్నారు. ఒకరు కంప్యూటర్ సైన్సు, ఒకరు తెలుగులో పీహెచ్‌డీ. మొదటి అమ్మాయి వచ్చి, "పారేయకండాంటీ, దీనికి లినక్స్ మింట్ వేద్దాం, డబ్బు కట్టక్కర్లేదు" అంది. ఒక్క మధ్యాహ్నం పని. సాయంత్రం కాఫీ వేళకు నా మిషన్ కొత్తకోడల్లా తయారై కూర్చుంది.

ఇక చుట్టరికం వినండి. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో చదివే ఇయాన్ మర్డాక్ అనే కుర్రాడు 1993 ఆగస్టు 16న ఒక సిస్టమ్ మొదలుపెడుతున్నానని ప్రకటించాడు. అప్పట్లో తను ప్రేమించిన అమ్మాయి డెబ్రా. ఆమె పేరు ముందు పెట్టి, తన పేరు వెనక చేర్చి 'డెబియన్' అన్నాడు. ఆ తల్లికి 2004 అక్టోబరులో పుట్టిన కూతురు ఉబుంటు. ఉబుంటు ఇంట 2006లో వెలిసింది మింట్. మనవరాలన్నమాట. మన దేశంలో సీడాక్‌వారు 2007లో విడుదల చేసిన 'బాస్' కూడా డెబియన్ సంతతే. మింట్ మహా ముందుచూపు గల పిల్ల సుమండీ! రేపు ఉబుంటుకు ఏమైనా అయితే ఎలాగని, సూటిగా డెబియన్ నుంచే తయారుచేసిన ఇంకో కూర్పు కూడా దగ్గర పెట్టుకుంది. అమ్మతో ఎంత చనువున్నా అమ్మమ్మగారింటి దారి మూసుకోలేదన్నమాట.

ఈ ఇళ్లలో ఏ సరుకైనా ప్యాకేజీ రూపంలోనే వస్తుంది. ప్యాకేజీ అంటే ఊరి నుంచి వచ్చే అట్టపెట్టె లాంటిది. లోపల సరుకు, పైన ఒక చీటీ. పేరేమిటి, ఎన్నో కూర్పు, దీనితోపాటు ఇంకేమేం కావాలి, ఎవరితో పొసగదు, దీని బాధ్యత ఎవరిది - అన్నీ ఆ చీటీలో ఉంటాయి. 'ఫలానా ఆయన వస్తే నేను రాను' అని ముందే రాసిచ్చే చుట్టాలు మన పెళ్లిళ్లలో దొరుకుతారా, చెప్పండి! ఆ చీటీ చదివి, కావలసినవన్నీ తానే వెతికి వరసగా సర్దిపెట్టే పెద్దముత్తయిదువ పేరు ఆప్ట్. 1999 మార్చిలో వచ్చిన కూర్పుతో ఆమె డెబియన్ ఇంట అడుగుపెట్టింది. 2025 ఆగస్టు కూర్పులో ప్యాకేజీల లెక్క డెబ్భై వేలకు కాస్త తక్కువ.

కథ సాఫీగా సాగితే నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు. తెలుగు అమ్మాయి థీసిస్ నేనే టైపు చేశాను. నా మిషన్‌లో 212 పేజీలు. విషయసూచిక, పేజీల నంబర్లతో సహా ముచ్చటగా కుదిరింది. శనివారం రాత్రి ఆ పిల్ల తన లాప్‌టాప్‌లో తెరిస్తే 219 పేజీలు! సూచికలో 87 అని ఉన్నది 90లో తేలింది. పద్యాల పాదాలు విరిగి కిందికి జారాయి. సోమవారం సమర్పించాలి. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు. నాలుగేళ్ల చదువు మరి.

సైన్సు అమ్మాయి చూసి, "పోతన లేడు" అంది. నేను హడలిపోయాను. పోతన అంటే పోతన2000, డాక్టర్ తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించి అందరికీ ఉచితంగా ఇచ్చిన తెలుగు ఫాంటు. నా మింట్‌లో ఉంది. ఆ పిల్ల లాప్‌టాప్‌లో ఉన్నది డెబియన్ 12, అందులో ఆ ఫాంటు వేయలేదు. అది లేకపోయేసరికి మిషన్ ఇంకో ఫాంటు తొడిగింది. అక్షరాల వెడల్పు మారింది, పేజీలు పెరిగాయి.

డెబియన్ ఇంట్లో పోతన కావాలంటే 'ఫాంట్స్-తెలు-ఎక్‌స్ట్రా' అని అడగాలట. వేమన ఫాంటు కూడా అదే పెట్టెలో ఉంటుంది. సైన్సు అమ్మాయి వాడేది ఫెడోరా, అది వేరే వంశం, అట్టపెట్టెల తీరే వేరు. అక్కడ పేరు 'పోతన2000-ఫాంట్స్'. అదే పోతన, అవే అక్షరాలు. ఆనపకాయా సొరకాయా కాదూ!

"అయితే మా మింట్‌లో ఉన్న పెట్టెనే పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి వేసేయొచ్చా?" అన్నాను.

"ఫాంటైతే నిక్షేపంగా వేయొచ్చాంటీ. అది ఎవరి మీదా ఆధారపడదు. కాని మీ టైపు ప్రోగ్రాము ఇలా తీసుకెళ్తే ఆమె మిషన్ ఒప్పుకోదు" అంది. ప్రతి ప్రోగ్రాముకీ అడుగున లిబ్‌సీ అని ఒక దినుసు కావాలట. నా దాంట్లో అది 2.39, ఆ పిల్లదాంట్లో 2.36. కొత్త దినుసుతో వండింది పాత దినుసున్న ఇంట్లో ఉడకదు. బలవంతాన కలిపితే మొత్తం వంటిల్లే పాడవుతుందట. నాకిట్టే అర్థమైంది. ఆవకాయ జాడీ ఎవరింటికైనా పంపవచ్చు. దోసెపిండి పంపితే మాత్రం వాళ్ల పెనం, వాళ్ల మంట కుదరాలి.

పది నిమిషాల్లో పోతన వచ్చాడు. 212 పేజీలు. ఆ పిల్ల నవ్వింది, అప్పుడు రాత్రి పదకొండు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ పెట్టెల మీద చీటీలు రాసేదెవరు? అడిగితే అమ్మాయి చెప్పింది. డెబియన్‌లో ఎక్కువమంది జీతం లేకుండా తీరిక వేళల్లో చేసేవాళ్లే. ఈ పనిలోకి ఆడవాళ్లను రప్పించడానికి 2004లో డెబియన్ విమెన్ అని ఒక బృందం కూడా ఏర్పడింది. చీటీ సరిగ్గా ఉందో లేదో చూడటానికి వాళ్లొక చక్కని పని చేస్తారు. ఏమీ లేని ఖాళీ వంటింట్లో, చీటీలో రాసిన దినుసులు మాత్రమే పెట్టి వండి చూస్తారు. తన ఇంట్లో అన్నీ ఉంటాయి కనుక, రాసిన మనిషి ఉప్పు సంగతి మర్చిపోయినా వంట కుదురుతుంది. ఖాళీ వంటింట్లోనే ఆ మరుపు బయటపడుతుంది.

నా కళ్ల ముందు మా అత్తగారు కనిపించారు. ఆవిడ కందిపొడి అమోఘం. ఎలా చేస్తారంటే, "కాస్త ఇంగువ, చేతికొచ్చినన్ని మిరపకాయలు" అనేవారు. ఆ 'కాస్త' ఆవిడతోనే వెళ్లిపోయింది. మా ఆడబిడ్డలు ముగ్గురూ మూడు రకాలుగా చేస్తారు, మూడూ బాగానే ఉంటాయి, ఏదీ ఆవిడది కాదు.

అందుకే ఇప్పుడు నేను చేసే పొడులూ పచ్చళ్లూ ఒక్కొక్కటే తూకంతో సహా నోటుబుక్కులో రాస్తున్నాను. రాసినదాన్ని పై వాటా అమ్మాయిల చేతికిస్తున్నాను. వాళ్ల గదిలో ఒక స్టవ్వూ రెండు గిన్నెలూ తప్ప ఏమీ లేవు. అంతకంటే ఖాళీ వంటిల్లు బౌద్ధనగర్‌లో దొరకదు. మొన్న చింతకాయ పచ్చడి చేసి, "ఆంటీ, ఇందులో పసుపు మాట రాయలేదు మీరు" అని కేకేశారు. వెంటనే చేర్చాను, తేదీ వేసి, కింద నా పేరు రాసి.