పాట పెట్టకముందు

మా పెదనాన్నది మైకుసెట్టు వ్యాపారం. వ్యాపారమంటే మరీ పెద్ద మాట. వసారా పక్క గదిలో రెండు ఆహూజా ఆంప్లిఫయర్లు, నాలుగు లౌడ్‌స్పీకరు గొట్టాలు, చుట్టలు చుట్టలుగా వైరు, పాత రికార్డులున్న ఒక రేకు పెట్టె, అంతే. తెనాలి చుట్టుపక్కల పెళ్లిళ్లకీ, శ్రీరామనవమి పందిళ్లకీ, ధనుర్మాసంలో తెల్లవారకముందే గుళ్లో పెట్టే పాటలకీ ఆయన సైకిలుకి గొట్టాలు కట్టుకుని వెళ్లేవాడు. నాకు ఊహ తెలిసేసరికి రికార్డులు పోయి క్యాసెట్లొచ్చేశాయి గానీ, ఆ రేకు పెట్టె మూత తీస్తే లక్కా దుమ్మూ కలిసిన ఒక వాసన వచ్చేది. సెలవు రోజుల్లో ఆ వాసన కోసమే మూత తీసి చూసి పెద్దమ్మ చేత తిట్లు తినేదాన్ని.

ఆయనకో అలవాటుండేది. పందిట్లో తీగలన్నీ కలిపాక, పాట పెట్టకముందు, వాల్యూం చాలా దూరం తిప్పి, ఏ పాటా లేకుండా గొట్టం కింద నిలబడి చెవి ఒగ్గి వినేవాడు. పెళ్లివారు అవతల తొందరపెడుతున్నా సరే. "ఏం వింటున్నావు పెదనాన్నా, ఏమీ రావట్లేదుగా" అంటే, "రాకూడనిది ఏమన్నా వస్తందేమోనని చూస్తన్నా అమ్మడూ" అనేవాడు.

2001లో మా బాబాయి హైదరాబాదు నుంచి వచ్చేశాడు. అమీర్‌పేటలో జావా నేర్చుకున్నాడు, నేర్చుకునేసరికి అమెరికాలో కంపెనీలు మూతపడటం మొదలైంది. ఉద్యోగం ఏమైందిరా అని ఇంట్లో ఎవరూ అడగలేదు. సాయంత్రం నాయనమ్మ ఎసట్లో ఇంకో గిద్దెడు బియ్యం ఎక్కువ పోసింది, అంతే. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో సీటీసీ అనే చోట ఏ ముక్కకా ముక్క కొని బిగించుకున్న కంప్యూటరు ఒకటి వెంట తెచ్చాడు. దారి పొడుగునా మానిటర్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట, బస్సు దిగేసరికి కాళ్లు తిమ్మిరెక్కి నడవలేకపోయాడు.

దాన్ని తెచ్చి హాల్లో టీవీ పక్కన పెట్టి, టీవీకే కలిపాడు. అద్దెకి తెచ్చిన సినిమా సీడీలు అందులో వేస్తే బొమ్మ టీవీలో పడేది. సినిమా ఒక సీడీలో పట్టేది కాదు, రెండో మూడో ఉండేవి, మంచి రసపట్టులో ఆగిపోతే లేచి మార్చాలి. కంప్యూటరుతోపాటు వచ్చిన చిన్న ప్లాస్టిక్కు స్పీకర్లలో పాట విని పెదనాన్న రేకు డబ్బాలో కందిరీగ అన్నాడు. అని ఊరుకోకుండా గదిలోకెళ్లి, 4440 ఐసీ వేసి తనే బిగించుకున్న స్టీరియో ఆంప్లిఫయరూ, ప్లైవుడ్డు పెట్టెల్లో ఉన్న స్పీకర్లూ తెచ్చి హాల్లో దించాడు.

ఆయన దించింది మొదలు ఇల్లంతా ఒకటే గుయ్యి. పాట లేకపోయినా గుయ్యే. బాబాయి కేబుళ్లు మార్చాడు, కంప్యూటరు విప్పి మళ్లీ బిగించాడు. కార్డు పోయుంటుందన్నాడు. పెదనాన్న అరుగు మీద చుట్ట ముగించి లోపలికొచ్చి, ఏదీ మార్చకుండా, ఒక్కో తీగా పీకుతూ వినడం మొదలుపెట్టాడు. టీవీ స్విచ్చి ఆపాడు, గుయ్యి అలాగే ఉంది. టీవీ వెనక కేబుల్ వైరు పీకాడు. ఠక్కున ఆగింది.

ఆ కేబుల్ వైరు మా ఊళ్లో దాబాల మీదుగా, కొబ్బరిచెట్లకి చుట్టుకుంటూ ఎక్కడో ఊరవతల నుంచి వచ్చేది. వానాకాలంలో దాని కొస ముట్టుకుంటే వేళ్లు జిమజిమలాడతాయని పిల్లలందరికీ తెలుసు, పందేలు కూడా కాసేవాళ్లం. పెదనాన్న చెప్పిందేమంటే, కంప్యూటరుకి మూడు పిన్నుల ప్లగ్గులోంచి మనింటి ఎర్తు ఉంది. కేబుల్ తీగ పైపొరకి ఊరవతల వాళ్ల ఎర్తు ఉంది. నేల ఒకటే అయినా రెండు చోట్లా వోల్టేజీ ఒకలా ఉండదు. ఆ తేడా వల్ల పుట్టే కరెంటు టీవీ నుంచి ఆంప్లిఫయరుకీ అక్కణ్ణుంచి కంప్యూటరుకీ పోయే పాట తీగల పైపొరలోంచి నడుస్తుంది. మన కరెంటు సెకనుకి 50 చుట్లు తిరుగుతుంది కాబట్టి గుయ్యి కూడా ఆ శ్రుతిలోనే వినపడుతుంది. ఇంజినీరింగు చదివిన మా బాబాయికి ఇది పుస్తకంలో ఉన్న సంగతేనట. "అయితే కంప్యూటరు ప్లగ్గుకి ఎర్తు పిన్ను తీసేస్తే పోలా పెద్దన్నయ్యా" అన్నాడు. పెదనాన్న చురుగ్గా చూశాడు. "పోద్ది. గుయ్యీ పోద్ది, ఎప్పుడో ఒకరోజు దాన్ని ముట్టుకున్నోడూ పోతాడు."

ఎర్తంటే ఆయనకి భక్తి. పెరట్లో బావి పక్కన గొయ్యి తీసి, బొగ్గులూ ఉప్పూ వరసలుగా వేసి పాతిన గొట్టం ఒకటి ఉండేది. ఎండాకాలంలో మా నల్లరేగడి నేల నెర్రెలిచ్చేది కదా, అప్పుడు దాన్లో రోజూ నీళ్లు పోయాలి. ఆ పని నాది. తులసికోటకి ఒక చెంబు, ఎర్తు గొట్టానికి రెండు చెంబులు.

గుయ్యికి మందు దొరికింది గానీ ఇంట్లో కొత్త తంటా వచ్చింది. సినిమాకి కేబుల్ వైరు పీకాలి, సీరియల్‌కి పెట్టాలి. అమ్మా పెద్దమ్మా పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి టీవీలో చీమలు పాకుతుండేవి. నాలుగు రోజులు ఓర్చుకుని పెద్దమ్మ ఒకనాడు "మీ అన్నదమ్ముల పాటలు మీరు అన్నాలు మానేసి వినండి" అంది. ఆ రాత్రే పెదనాన్న పాడైపోయిన మైకు ఆంప్లిఫయర్లు విప్పి బొటనవేలంత ట్రాన్స్‌ఫార్మర్లు రెండు తీశాడు. కంప్యూటరుకీ ఆంప్లిఫయరుకీ మధ్య ఎడమకొకటి, కుడికొకటి అతికించాడు. సోల్డరింగు పెట్టినప్పుడు వచ్చే రోజనం పొగ ఇప్పటికీ ఎక్కడన్నా తగిలితే నాకు ఆ హాలే గుర్తొస్తుంది. రెండు తీగచుట్లు ఉంటాయట అందులో. పాట ఒక చుట్టు నుంచి ఇంకోదానికి అయస్కాంతం మీదుగా దాటుతుంది, రాగికి రాగి తగలదు, కాబట్టి పాట తీగల్లో ఎర్తు కరెంటుకి దారి తెగిపోతుంది. కేబుల్ వైరు పెట్టినా గుయ్యి లేదు. దరువు మాత్రం కాస్త పల్చబడిందన్నాడు. అంత చిన్న ట్రాన్స్‌ఫార్మరు బాగా కింది స్వరాలని మోయలేదు మరి. మాకెవరికీ ఆ తేడా తెలియలేదు.

ఇంకో చప్పుడుండేది, అది ఆయనకీ కొత్తే. మౌసు కదిపితే స్పీకర్లో చిర్రుమనేది. హార్డుడిస్కు తిరిగితే ఇంకో రకంగా గీరేది. పెదనాన్న టార్చి వేయించుకుని కంప్యూటరు డబ్బాలోకి తొంగి చూసి, "పాట పుట్టే చోటు పక్కనే ఇంత రద్దీ పెట్టారేంట్రా" అన్నాడు. నిజమే, మదర్‌బోర్డు మీదే ఉన్న సౌండు చిప్పుకి చుట్టూ ఉన్న గోలంతా తగులుతుంది. బాబాయి వాల్యూం కంట్రోలు తెరిచి చూపిస్తే, మైకు, లైన్ ఇన్, సీడీ అని వరసగా మీటలన్నీ పైకే ఉన్నాయి. వాడని మైకులన్నీ తెరిచి పెట్టుకుని అరుపు వస్తందంటే ఎట్లా అని పెదనాన్న వాడనివన్నీ మూయించాడు. వేవ్ అన్నది పైదాకా పెంచి, ఆంప్లిఫయరు మీట కిందికి దించాడు. మొదట్లో నిండుగా ఇచ్చి చివర్లో తగ్గించుకోవాలన్నది ఆయన పందిళ్లలో నేర్చుకున్న పద్ధతి. మొదట్లో తక్కువిచ్చి చివర్లో పెంచితే దారిలో చేరిన చెత్త కూడా పెరుగుతుంది. చిర్రు సగానికి సగం పోయింది. మిగతా సగం, బాబాయి స్నేహితుడెవరో వాడేసి పక్కన పెట్టిన విడి సౌండు కార్డు ఇస్తే, గ్రాఫిక్స్ కార్డుకి వీలైనంత దూరపు స్లాటులో గుచ్చాక పోయింది.

ఆ కార్డు మీద అన్నదమ్ములిద్దరికీ జరిగిన మాటలు నాకు బాగా గుర్తు. ఆడియో సీడీ మీద పాటని సెకనుకి 44,100 సార్లు కొలిచి రాస్తారనీ, ఆ రోజుల్లో చాలా కార్డులు లోపల 48,000 లెక్కన నడుస్తాయనీ, అందుకని పాటని మళ్లీ లెక్కగట్టి మార్చుకుంటాయనీ బాబాయి చెప్పాడు. "మారిస్తే ఎంతో కొంత పోదా?" అన్నాడు పెదనాన్న. "పోద్ది గానీ వినపడదు." "ఎవరికి?" అన్నాడాయన. ఆయనకి వినపడేది మరి. ఒకే సీడీలో వందకి పైగా ఎంపీత్రీ పాటలున్నాయని బాబాయి మురిసిపోతుంటే, ఘంటసాల గొంతు బానే ఉంది గానీ వెనక తాళాలు నలుగుతున్నాయన్నాడు. 128 కిలోబిట్లకి కుదించిన పాటల్లో మొదట దెబ్బతినేది సరిగ్గా ఆ తాళాలేనని నేను ఎన్నో ఏళ్ల తరవాత చదివాను. విన్‌యాంప్‌లో బాబాయి రెండు చివరలూ ఎత్తి పెట్టుకున్న ఈక్వలైజరు మీటలని కూడా ఆయన రాకముందే సరిచేసి ఉంచడం నా పని, లేకపోతే కాసేపటికి "ఎవడు రా దీని మూతి వంకర చేసింది" అని వినపడేది.

స్పీకర్ల సంగతి మాత్రం ముందునుంచీ ఆయన ఇలాకా. రెండింటికీ ప్లస్సూ మైనస్సూ ఒక్కలాగే కలవాలి. ఒకటి తిరగబడితే ఒక అట్ట ముందుకొస్తుంటే ఇంకోటి వెనక్కి పోతుంది, దరువు చచ్చిపోతుంది, గొంతు నడిమధ్యలోంచి రాకుండా ఎటో పోతుంది. గుర్తులు చెరిగిపోయిన స్పీకర్లవి. టార్చిలైటు సెల్లు ఒకటి నా చేతికిచ్చి తీగ కొసలకి ఇలా తాకించమనేవాడు. అట్ట టప్పున ముందుకి ఉబికితే సెల్లు ప్లస్సు తగిలిన తీగే ప్లస్సు. దానికి ఎర్రదారం కట్టేదాన్ని. మూల నుంచి రెండడుగులు ఇవతలికి జరిపించి, ఇటుకలు పేర్చి, చాప మీద కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి లేపించాడు. మూలన పెడితే దరువు ఊరికే ఉబ్బుతుందనేవాడు.

బాబాయి డీవీడీ డ్రైవు కొన్నాక ఒక వింత జరిగింది. యుద్ధాలూ, వానా, ఉరుములూ ఇల్లదిరేలా వస్తున్నాయి, హీరో పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం గుసగుస. నాయనమ్మ తన చెవులు పోయాయనుకుని బెంగపెట్టుకుంది. సంగతేమంటే బాబాయి గొప్పకి సెట్టింగుల్లో 5.1 అని పెట్టుకున్నాడు. డీవీడీలో మాటలు ఎక్కువగా మధ్య స్పీకరుకి పంపిస్తారు. మాకు మధ్య స్పీకరే లేదు, అయినా కంప్యూటరు పాపం నమ్మి అటే పంపుతోంది. ఉన్నవి రెండేనని ఒప్పుకుని అలా మార్చగానే మాటలు వచ్చిపడ్డాయి. నాయనమ్మ ఆ పూట సినిమా మళ్లీ మొదటినుంచీ పెట్టించుకుంది.

ఇన్ని చేసినా హాలే మాట వినేది కాదు. పైన స్లాబు, కింద నాపరాళ్లు, నాలుగు వైపులా సున్నం గోడలు. పెదనాన్న హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే గోడలు తిరిగి కొట్టేవి. ఇప్పుడు నేనుండే హైదరాబాదు ఫ్లాటులో కంప్యూటరు నుంచి పాట హెచ్‌డీఎంఐ తీగలో అంకెలుగానే పోతుంది, ఆంప్లిఫయరు తనే చిన్న మైకు పెట్టుకుని గది కొలతలు తీసుకుంటుంది. అది కూతలు పెడుతూ కొలుస్తుంటే నాకు ఆ చప్పట్లే గుర్తొస్తాయి. ఎంత కొలిచినా గోడ ప్రతిధ్వనిని అది మింగెయ్యలేదు, దానికి గదిలో ఏదో మెత్తటిది ఉండాలి. మాకు అది ఏటా పొలం నుంచి వచ్చేది.

కుప్పనూర్పిళ్లయ్యాక, సంక్రాంతి వెళ్లిన రోజుల్లో, ధాన్యం బస్తాలు హాల్లో వెనక గోడకి నెట్టు కట్టేవాళ్లు. బస్తా 75 కిలోలు, మనిషెత్తుకి పైగా వరసలు. గోనె వాసన, కొత్త వడ్ల దుమ్ము, ఎలకల కోసం పిల్లి కాపలా. వాటి పైకెక్కి పడుకుని వింటే పాట ఎక్కడా మోగదు, చెదరదు, జానకి ఊపిరి తీసుకోవడం కూడా తెలిసేది. చప్పట్లు కొడితే కొట్టిన చోటే ఆగేవి. ఆ రెండు నెలలూ పెదనాన్న పనులున్నా లేకపోయినా భోజనం కాగానే చాప పరిపించేవాడు. పక్కింటివాళ్లు కూడా వచ్చి గడప దగ్గర కూర్చునేవాళ్లు.

మిల్లువాళ్లు బేరానికొస్తే వ్యవసాయం ఊసే పట్టని పెదనాన్న అరుగు మీదకొచ్చి కూర్చుని, "ఉగాదికి రేటు పెరుగుద్దంట, ఆగరా" అనేవాడు. నాన్న మొదటి ఏడు నిజమనుకుని ఆగాడు. రేటు పెరగలేదు. రెండో ఏడు ఏమీ అనకుండా లారీ పిలిపించి, బస్తాలెత్తించేశాడు గానీ, విత్తనాల బస్తాలూ గేదెల తవుడు బస్తాలూ మాత్రం కొట్టంలోంచి తెప్పించి వెనక గోడకి చేర్పించాడు. రాత్రి పాట పెట్టాక, పడక్కుర్చీలోంచి, "తవుడుకి ఎట్లా ఉంది అన్నయ్యా?" అని అడిగాడు.

పెదనాన్న ఒక చరణం పూర్తయ్యేదాకా ఆలోచించి, "ఫర్వాలేదు, పైస్వరం కొంచెం మెత్తబడింది" అన్నాడు.