కావాలా, అవ్వాలా?

సినిమా ఫంక్షన్లో మైకు అందుకున్న ప్రతి పెద్దమనిషీ ‘ఈ సినిమా పెద్ద హిట్ అవ్వాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను’ అంటాడు. కోరుకోవడంతో నాకు పేచీ లేదు. ఆ ‘అవ్వాలి’ దగ్గరే ఒళ్లు మండుతుంది. ‘కావాలి’ అని లక్షణమైన మాట ఉండగా దీన్ని ఎక్కడినుంచి పట్టుకొచ్చారండీ? జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఫిల్మ్‌నగర్ గుడి దాకా తెలిసినవాళ్లందరి దగ్గరా మొత్తుకున్నాను. విన్నవాడు లేడు. మా ఇంట్లో అయితే ప్రీ రిలీజ్ ఈవెంట్ మొదలవగానే రిమోట్ నాకు దొరక్కుండా దాచేస్తారు.

మా కింది ఫ్లాట్ అమ్మాయి సినిమాల్లో కాస్ట్యూమ్స్ విభాగంలో అసిస్టెంటు. యూనిట్ పాటకి స్పెయిన్ వెళ్లొచ్చని ఎవరో అన్నారట. 2013లోనే ‘ఇద్దరమ్మాయిలతో’ కోసం మనవాళ్లు బార్సిలోనాలో మకాం వేసి వచ్చారు కాబట్టి నమ్మదగ్గ కబురే. ఈ పిల్ల ముందుచూపుతో ఫోన్లో స్పానిష్ మొదలుపెట్టింది. ఒక ఆదివారం పొద్దున్నే మొహం వేలాడేసుకుని వచ్చింది.

“ఇదేం భాష అంకుల్! నిద్రపోవడం దోర్మీర్. ‘నిద్రపోతాం’ అంటే దోర్మీమోస్. బాగానే ఉంది కదా అనుకున్నా. ‘నువ్వు హాయిగా నిద్రపోవాలి’ అని కోరుకుంటే ద్వేర్మాస్ అట. ‘మనం నిద్రపోవాలి’ అని కోరుకుంటే దుర్మామోస్ అట. ఒక్క నిద్రకి ఇన్ని వేషాలా?”

స్పానిష్ వాళ్ల లెక్క నిజానికి అంత అన్యాయమైంది కాదు. పలుకులో నొక్కు ధాతువు మీద పడితే ‘ఒ’ కాస్తా ‘వే’ అవుతుంది. ‘మనం’ అన్నప్పుడు నొక్కు చివరికి జరుగుతుంది, పాత ‘ఒ’ తిరిగొస్తుంది. చేయగలగడానికి పోదేర్ అంటారు. ‘నేను చేయగలగాలి’ అన్నచోట ప్వేద, ‘మనం’ అన్నచోట పొదామోస్. దోర్మీర్ కుటుంబం మాత్రం ‘మనం’ దగ్గర కూడా ఊరుకోక, కోరేటప్పుడు ‘ఒ’ని ‘ఉ’ చేసుకుంటుంది. 1713లో మాడ్రిడ్‌లో భాషకంటూ ఒక అకాడమీ పెట్టుకున్నారు గానీ, దీని జోలికి ఎవరూ పోలేదు.

ఇదంతా ఆ పిల్లకి చెబితే ఇంకా నీరసపడేది. అందుకని మన సంగతి ఎత్తాను. “నువ్వు రోజూ వస్తావు. నిన్న వచ్చావు. రేపు రావాలి. ఎల్లుండి రాకు. మొదట ఉన్న ‘వ’ ఏమైందమ్మా?”

ఆలోచనలో పడింది. నేనిక ఆగలేదు. తెస్తా, తెచ్చా అంటాం, కోరేసరికి తేవాలి. చూస్తా, చూశా అంటాం, కోరేసరికి చూడాలి. ఆఖరికి చస్తా, చచ్చా అనేవాడు కూడా చావాలి అనే అంటాడు. జరిగేదీ జరిగిందీ చెప్పడానికి ఒక రూపు, జరగాలనీ జరగొద్దనీ చెప్పడానికి ఇంకో రూపు. దోర్మీర్‌లో వాళ్లు ఒక అచ్చు మార్చి సరిపెట్టుకున్నారు. మనం రావడంలో మొదటి అక్షరాన్నే ఎత్తి అవతల పారేశాం. తమిళులు ‘వా’, ‘వరు’ అంటారు, కన్నడిగులు ‘బా’, ‘బరు’ అంటారు. మన దగ్గర వర్ణాలు చోట్లు మార్చుకుని, రేఫ ముందుకొచ్చి, ‘రా’ మిగిలింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఈ ధాతువుల మీదే పెద్ద పుస్తకం రాశారు. ‘తెలుగు వెర్బల్ బేసెస్’, 1961లో అచ్చయింది. ఇంట్లో ఎవరూ మాట్లాడని మధ్యాహ్నాల్లో చదువుకోవడానికి అంత మంచి పుస్తకం లేదని నా అభిప్రాయం.

ఇదే వరసలోది అవుతుంది, అయింది, కాదు, కావాలి. “చూశావా, ఇంత దర్జా అయిన కావాలిని పక్కకి నెట్టి అవ్వాలి అంటున్నారు!” అన్నాను.

“నిర్మాత ‘నాకు హిట్టు కావాలి’ అంటాడు, స్టేజీ మీదికొచ్చినాయన ‘హిట్టు అవ్వాలి’ అంటాడు. రెంటికీ ఒకటే మాటైతే ఎవరేమన్నారో ఎలా తెలుస్తుంది అంకుల్?” అంది.

టీ చల్లారిపోతోంది, తాగమన్నాను.

ఈ రూపుమార్పులు తెలియనివాళ్ల నోట్లో క్రియ ఏమవుతుందో ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌కి తెలిసినవాళ్లతో వెళ్లినప్పుడు చూశాను. ఉత్తరాది నుంచి వచ్చిన కొత్త హీరోయిన్. సెట్లో అసిస్టెంటు ప్రాంప్టింగ్ ఇస్తుంటే అప్పజెప్పిన డైలాగు. తెరమీద ఆమె కళ్లనిండా నీళ్లు పెట్టుకుని హీరోతో ‘నువ్వు వచ్చాలి’ అంది. గాజు అద్దం అవతల డబ్బింగ్ చెప్పే ఆమె హెడ్‌ఫోన్ సర్దుకుంది. వీళ్లు ముందుగా వెతికేది ప, బ, మ. అక్కడ పెదాలు మూతపడతాయి, మాట తప్పితే తెరమీద దొరికిపోతుంది. వచ్చాలిలో ఆ గొడవ లేదు. మూడక్షరాలకి మూడక్షరాలు, పెదాలకి పెదాలు. ఆమె ‘రావాలి’ అంది, ఇంజనీరు ఓకే అన్నాడు, లూపు ముందుకు పోయింది. వ్యాకరణం ఒడ్డున పడిందని ఆ గదిలో ఎవరూ గమనించలేదు, నేను తప్ప.

‘ఏ మాయ చేశావే’ 2010లో వచ్చినప్పుడు సమంత వేసిన జెస్సీ పాత్ర గొంతు విని మనసు పారేసుకున్న కుర్రాళ్లలో అది చిన్మయి గొంతని ఎందరికి తెలుసు? సమంత సొంత గొంతు మనం వినడానికి 2018లో ‘మహానటి’ రావలసివచ్చింది. నీలగిరి పిల్ల సాయిపల్లవి మాత్రం 2017లో ‘ఫిదా’కి తెలంగాణ యాస నేర్చుకుని తనే చెప్పుకుంది. బాన్సువాడ భానుమతి నోట క్రియలు ఎంత ధీమాగా రూపు మార్చుకున్నాయో మళ్లీ విని చూడండి. అయితే అందరూ సాయిపల్లవులు కారు. మిగతావాళ్ల నోట తెలుగు నిలబెట్టింది అద్దం వెనక నిలబడ్డవాళ్లే. నంది అవార్డుల్లో వాళ్లకి ఆడా మగా విడివిడిగా బహుమతులుండేవి కూడా. హాల్లో మాత్రం వాళ్ల పేర్లు తెరమీద పైకి పాకే వేళకి సగం జనం పార్కింగులో ఉంటారు. ఈసారి బండి తియ్యడానికి తొందరపడకండి. ఆ పేర్లు చదివి లేవండి.